బండి హైదరాబాద్‌లో రిజిస్టర్ చేయించాలా, ఖమ్మంలోనా? ఇన్సూరెన్స్ లెక్కలో ఏది మేలు?

కొత్త కారు బుక్ చేశానని చెప్పగానే మా బావ ఖమ్మం నుంచి ఫోన్‌లో అన్న మొదటి మాట, "బామ్మర్దీ, రిజిస్ట్రేషన్ అక్కడ పెట్టించకు, ఇక్కడ మా ఇంటి అడ్రస్ మీద చేయించు, హైదరాబాద్ బండికి ఇన్సూరెన్స్ ఎక్కువ పడుద్ది." నా ఆధార్‌లో ఇంకా ఖమ్మం అడ్రసే ఉంది కాబట్టి కాగితాల ఇబ్బంది కూడా లేదు. ఆఫీసులో అడిగితే ఇద్దరు ముగ్గురు అదే మాట చెప్పారు, ఒకాయన తన బండికి అలాగే నల్లగొండ నంబర్ తీసుకున్నాడట. సరే, అందరూ అంటున్నారు కదా అని ఆ రాత్రి కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తేలింది ముందే చెప్పేస్తాను: కేవలం ఇన్సూరెన్స్ కోసమే అయితే సొంతూరి నంబర్ తీసుకోవడం దండగ. ఎందుకో లెక్కతో సహా చెప్తాను.

బావ చెప్పింది అబద్ధం కాదు. ప్రైవేట్ కార్ల ఇన్సూరెన్స్ రేట్ల కోసం మన దేశాన్ని రెండు జోన్లు చేశారు. అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ, పుణె, ఈ ఎనిమిది నగరాలు జోన్ ఎ. మిగతా దేశమంతా జోన్ బి. ఖమ్మం, వరంగల్, విజయవాడ, తిరుపతి, అంత పెద్ద విశాఖపట్నం కూడా బి లోకే వస్తాయి. ఇది 2002 నాటి మోటార్ టారిఫ్, అంటే బండ్ల ఇన్సూరెన్స్ రేట్ల పట్టికలో రాసుకున్న విభజన. అందులో జోన్ తేల్చేది బండి ఏ ఊళ్లో తిరుగుతోందన్న దాన్ని బట్టి కాదు, ఏ ఆర్టీఏ ఆఫీసులో రిజిస్టర్ అయిందన్న దాన్ని బట్టి. టీజీ 09 అయితే ఎ, టీజీ 04 అయితే బి, మన వాళ్ల ఆలోచనంతా ఇక్కడే పుట్టింది. (లారీలకైతే లెక్క వేరు, వాటికి మూడు జోన్లు: చెన్నై, ఢిల్లీ, కోల్‌కతా, ముంబై ఎ, మిగతా రాష్ట్ర రాజధానులు బి, మిగిలినవి సి. అంటే కారుకు ఎ అయిన హైదరాబాద్ లారీకి బి అవుతుంది.)

ఇప్పుడు అసలు తేడా ఎంతో చూడండి. 1,000 నుంచి 1,500 సీసీ మధ్య ఇంజన్, ఐదేళ్ల లోపు కారు, ఐడీవీ అంటే కంపెనీ ఒప్పుకున్న బండి విలువ 7 లక్షలు అనుకుందాం. టారిఫ్ ప్రకారం మన బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియం, అదే ఓన్ డ్యామేజ్, జోన్ ఎ లో 3.283 శాతం, జోన్ బి లో 3.191 శాతం. హైదరాబాద్‌లో 22,981 రూపాయలు, ఖమ్మంలో 22,337. తేడా 644 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 760.

ఏడాదికి 760 రూపాయలు. అది కూడా పూర్తి టారిఫ్ రేటు కడితే. 2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజ్ రేట్లను కంపెనీలకే వదిలేశారు, ఆ పాత శాతాల మీద ఎవరికి తోచిన డిస్కౌంట్ వాళ్లు ఇస్తారు. ఒక కంపెనీ రెండు ఊళ్లకూ సగానికి సగం తగ్గించిందనుకోండి, ఆ 760 కాస్తా 380 అవుతుంది. దాని మీద క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు గడిపిన వాడికి వచ్చే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ కూడా ఉంటే 190. ఖమ్మం ఒకసారి వెళ్లొస్తే అయ్యే పెట్రోలు ఇంతకంటే ఎక్కువ.

మరి రేటు తేడా అసలు ఎందుకు పెట్టారు? ఓన్ డ్యామేజ్ అంటే బండికి తగిలే దెబ్బలు, దొంగతనం. పెద్ద నగరంలో బండ్లు ఎక్కువ, రాసుకోవడాలు ఎక్కువ, అదే బంపర్ మార్చడానికి, అదే డోరుకు డెంటింగ్ పెయింటింగ్ చేయడానికి లేబర్ ఛార్జీ కూడా ఎక్కువ. అమీర్‌పేటలో సాయంత్రం 7 గంటలకు ఒక్క అరగంట డ్రైవ్ చేసిన వాళ్లెవరికైనా ఇది వేరే చెప్పక్కర్లేదు. క్లెయిములు ఎక్కువ వచ్చే చోట అందరి దగ్గరా కాస్త ఎక్కువ వసూలు చేస్తారు, అంతే. అయితే రేట్లు కంపెనీల చేతికి వెళ్లాక, ఏ ఆర్టీఏ కోడ్ నుంచి ఎన్ని క్లెయిములు వస్తున్నాయి, ఏ మోడల్‌కు ఎంత రిపేరు ఖర్చవుతోంది, డీజిలా పెట్రోలా అని ఎవరి లెక్కలు వాళ్లు వేసుకుంటున్నారు. అందుకే ఒకే ఊళ్లో ఒకే బండికి రెండు కంపెనీల కొటేషన్ల మధ్య వచ్చే తేడా జోన్ల తేడా కంటే పెద్దగా ఉండొచ్చు. ఊరు మార్చే శ్రమలో పదో వంతు పెట్టి నాలుగు కంపెనీల కొటేషన్లు తెప్పించుకుంటే అంతకంటే ఎక్కువే మిగులుతుంది.

ఇంకో సగం ఉంది, థర్డ్ పార్టీ. మన బండి వల్ల అవతలి మనిషికి ఏదైనా అయితే ఇచ్చే పరిహారం కోసం చట్ట ప్రకారం ప్రతి బండికీ ఉండాల్సిన పాలసీ ఇది. దీని రేటు కంపెనీలు నిర్ణయించవు, కేంద్రం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ వరకు 2,094 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ వరకు 3,416, అంతకు మించితే 7,897. హైదరాబాద్‌లోనూ ఇంతే, ఆదిలాబాద్ అడవి పక్క ఊళ్లోనూ ఇంతే. అంటే మన ప్రీమియంలో ఈ భాగం మీద ఊరి ప్రభావం సున్నా. నాకు ఇది న్యాయంగానే అనిపిస్తుంది. ఖమ్మంలో రిజిస్టరైన బండి సూర్యాపేట హైవే మీద ఎవరినైనా గుద్దితే ఆ కుటుంబానికి రావాల్సిన పరిహారం చనిపోయిన మనిషి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడ్డ వాళ్లను బట్టి ఉంటుంది, బండి నంబర్‌ను బట్టి కాదు కదా.

ఇది ఇలా లేని చోట ఎలా ఉంటుందో మా చెల్లి వల్ల తెలిసింది. తను అమెరికాలో, మిచిగన్‌లో ఉంటుంది. అక్కడ మన తెలుగువాళ్ల సంఖ్య బాగానే ఉంది, కార్ల కంపెనీల్లో పనిచేసే వాళ్లే చాలామంది. ఒహాయో నుంచి మిచిగన్‌కు మారగానే అదే కారుకు, అదే డ్రైవర్‌కు ఇన్సూరెన్స్ బిల్లు చూసి కంగారు పడిపోయింది. మిచిగన్‌లో ఎవరి తప్పయినా ఎవరి గాయాలకు వాళ్ల సొంత ఇన్సూరెన్సే కట్టే పద్ధతి. 2020 జులై దాకా మిచిగన్‌లో ప్రతి పాలసీలోనూ జీవితాంతం, పరిమితి లేని వైద్య ఖర్చు ఉండి తీరాలి. ఆ తర్వాతే తక్కువ పరిమితి ఎంచుకునే వీలు ఇచ్చారు. పక్కనే ఉన్న ఒహాయోలో తప్పు చేసిన వాడి ఇన్సూరెన్స్ కట్టే పద్ధతి. రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు గీత ఒక్కటే, కానీ చట్టం వేరు, ఆస్పత్రి బిల్లు ఎవరి నెత్తిన పడుతుందన్నది వేరు. దానికి తోడు అక్కడ చాలా రాష్ట్రాల్లో క్రెడిట్ స్కోర్ కూడా ప్రీమియంలోకి వస్తుంది, కాలిఫోర్నియాలో మాత్రం అది కుదరదు. అలాంటి చోట "ఏ ఊళ్లో ఉంటే మేలు" అన్న ప్రశ్నకు నిజంగా బరువుంది. మన దగ్గర మనుషుల గాయాల భాగం దేశమంతా ఒకటే రేటు కాబట్టి ఊరు తెచ్చే తేడా బంపర్లు, డోర్ల దగ్గరే ఆగిపోతుంది.

ఇక ఖమ్మం వైపు, హైదరాబాద్ వైపు పక్కపక్కన పెట్టి చూస్తే ప్రీమియం కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది నీళ్లు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగినప్పుడు ఖమ్మంలో కాలనీలకు కాలనీలు మునిగాయి, మా బావ కారు కూడా అందులో ఒకటి. అదే రోజుల్లో విజయవాడలో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచింది. రెండూ తక్కువ రేటున్న జోన్ బి ఊళ్లే. హైదరాబాద్‌లో 2020 అక్టోబర్‌లో టోలీచౌకి నదీం కాలనీలో కార్లు పడవల్లా తేలడం మనం చూశాం, అది జోన్ ఎ. ఈ జోన్ల గీతకు, మీ వీధిలోకి నీళ్లొస్తాయా రావా అన్న దానికి ఏ సంబంధమూ లేదు.

నీళ్లు దిగాక బావ టెన్షన్‌లో తాళం తిప్పి స్టార్ట్ చేశాడు. రెండు సార్లు గుర్రుమని ఆగిపోయింది. అందరూ చేసే పనే ఇది, ఆ స్థితిలో బండి బతికుందో లేదో చూసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఇంజన్ లోపలికి నీళ్లు వెళ్లి ఉండగా స్టార్ట్ చేస్తే రాడ్లు వంగిపోతాయి. సీట్లు, వైరింగ్, కార్పెట్ ఖర్చు పాలసీ కింద వచ్చింది కానీ ఇంజన్ ఖర్చు రాలేదు, వరద వల్ల జరిగింది వేరు, స్టార్ట్ చేయడం వల్ల జరిగింది వేరు అన్నారు ఇన్సూరెన్స్ వాళ్లు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్, అంటే మామూలు పాలసీ మీద అదనంగా డబ్బు కట్టి జోడించుకునే రక్షణ, తీసుకుని ఉంటే దానికీ దారి ఉండేది. ఆ పాలసీ తీసుకున్నప్పుడు ఆ మాట బావకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. అక్క ఆ ఏడాది దాచుకున్న డబ్బంతా గ్యారేజీకే వెళ్లింది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే 380 రూపాయల కోసం ఆర్టీఏ ఆఫీసు మార్చాలన్న ఆలోచన కంటే, యాడ్ ఆన్ల పేజీని రెండు సార్లు చదవడం ముఖ్యం అంటాను.

చిన్న ఊళ్ల వైపు ఇంకో చిక్కు, గ్యారేజీ. క్యాష్‌లెస్ కావాలంటే, అంటే రిపేరు బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా కట్టాలంటే, వాళ్ల ఒప్పందం ఉన్న వర్క్‌షాప్‌కే వెళ్లాలి. మామూలు కంపెనీల కార్లకు ఖమ్మంలో ఇబ్బంది లేదు, కొంచెం ఖరీదైన బ్రాండ్ అయితే బండిని 200 కిలోమీటర్లు ట్రక్కు మీద ఎక్కించి హైదరాబాద్ తేవాల్సి రావొచ్చు. టారిఫ్ పాలసీలో బండి లాక్కెళ్లే ఖర్చుకు ఇచ్చేది 1,500 రూపాయల వరకే. అలాంటి బండి ఊళ్లో ఉంటే రోడ్ సైడ్ అసిస్టెన్స్ తప్పనిసరిగా తీసుకోండి, ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితమో కూడా చూసుకోండి. హైదరాబాద్‌లో రోజూ నడిపేవాళ్లకైతే జీరో డెప్, అంటే మార్చిన భాగాల ఖర్చులో తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్, మన వాళ్ల భాషలో బంపర్ టు బంపర్, మొదటి ఐదేళ్లూ ఉండాలి. అది లేకపోతే ప్లాస్టిక్ భాగాల ఖర్చులో సగం మన జేబులోంచే పోతుంది.

అడ్రస్ సంగతి. ఉండేది హైదరాబాద్, ఆర్సీలో ఖమ్మం ఉంటే రోజూ ఏమీ కాదు. కానీ చట్ట ప్రకారం నివాసం మారితే 30 రోజుల్లో ఆర్సీలో అడ్రస్ మార్పించుకోవాలి. పక్క రాష్ట్రం నంబర్ అయితే ఇంకా ఇబ్బంది, విజయవాడ నంబర్ బండిని హైదరాబాద్‌లో 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబర్ తీసుకోవాలి, ఎన్‌వోసీ, లైఫ్ ట్యాక్స్ అన్నీ మళ్లీ మొదలు. అక్కడ కట్టిన ట్యాక్స్ వాపసు కోసం తిరిగే తిరుగుడు ముందు ఏ జోన్ తేడా అయినా దూదిపింజే. జోన్ బి కోసం రాష్ట్రం దాటే పని మాత్రం అస్సలు పెట్టుకోకండి.

నిజంగా ప్రీమియం తగ్గాలంటే నా లెక్కలో ముందు వచ్చేది నో క్లెయిమ్ బోనస్. ఏటా 20, 25, 35, 45, 50 శాతం, అలా పెరుగుతూ పోతుంది. మూడు నాలుగు వేల గీత కోసం క్లెయిమ్ చేస్తే అది మొత్తం పోతుంది, పాలసీ గడువు దాటి 90 రోజులు దాటినా పోతుంది. ఆ బోనస్ బండిది కాదు, మనది, పాత కారు అమ్మి కొత్తది కొంటే మన వెంటే వస్తుంది, కాబట్టి అమ్మేటప్పుడు ఆ సర్టిఫికెట్ తీసుకోవడం మరవకండి. ఇక ఐడీవీ తగ్గించి ప్రీమియం తగ్గించే పద్ధతి ఉంది, అది మాత్రం నేను ఎవరికీ చెప్పను. పైన చెప్పిన బండికి లక్ష తగ్గిస్తే టారిఫ్ రేటు మీద 3,283 రూపాయలు మిగులుతాయి, బండి దొంగల పాలైతే లక్ష పోతుంది.

ఊళ్లో నాన్న దగ్గర ఉండి, పెళ్లిళ్లకు, ఆస్పత్రికి మాత్రమే కదిలే కారు అయితే వేరే మాట. అది అక్కడే రిజిస్టర్ చేయించండి, నడిపిన కిలోమీటర్లను బట్టి కట్టే పే యాజ్ యు డ్రైవ్ అడగండి, 2022 జులై నుంచి దానికి అనుమతి ఉంది. ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు కూడా తిరగని బండికి జోన్ కంటే అదే ఎక్కువ మిగిలిస్తుంది.

నేను టీజీ 09 కే వెళ్లాను. ముందు ఆధార్‌లో అడ్రస్ మార్పించుకున్నాను, తర్వాత రిజిస్ట్రేషన్. షోరూం వాళ్లు ఇచ్చిన పాలసీని వెంటనే ఒప్పుకోకుండా బయట మూడు కొటేషన్లు తెచ్చి చూపించి, జీరో డెప్, ఇంజన్ ప్రొటెక్షన్ రెండూ పెట్టించుకున్నాను. బావ రెన్యువల్ వచ్చే నెలలో ఉంది, పాత పాలసీ కాపీ వాట్సాప్‌లో పంపమన్నాను, ఈసారి ఆ యాడ్ ఆన్ల పేజీ ఇద్దరం కలిసి చదువుతాం.