డేటాబేస్ అప్‌గ్రేడ్ చేయిస్తున్నారా? కౌంటర్లు కనెక్ట్ అయ్యాయి కదా అని వదిలేయకండి

రాణీగంజ్‌లో మాది హార్డ్‌వేర్ షాపు. నాలుగు బిల్లింగ్ కౌంటర్లు, లోపలి గదిలో ఒక ఉబుంటు (లైనక్స్) సర్వర్, అందులో బిల్లులన్నీ దాచే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, 12వ వెర్షన్. ఆ వెర్షన్‌కు 2024 నవంబరుతో సపోర్ట్ ఆగిపోయింది. 16కు మార్చమని అమీర్‌పేట వైపు ఒక సర్వీసు వాళ్ళకు 18 వేలు ముందే ఇచ్చేశాను. మీరు మాత్రం పని చూడకుండా మొత్తం ఇవ్వకండి.

ఆదివారం పని అయిపోయిందన్నారు. సోమవారం షట్టర్ తీస్తే నాలుగు కౌంటర్లలోనూ ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’. బయట ట్రాలీ ఆటోలు ఆగి ఉన్నాయి. కాగితం మీద బిల్లులు రాసిచ్చాం. ఫోన్ చేస్తే ‘మీ సర్వర్ పాతదైపోయింది సార్’ అంటూ అరగంటలో లక్షా నలభై వేలకు కొటేషన్ పంపారు. మెషీన్ ముఖం కూడా చూడలేదు!

గట్టిగా అడిగితే మధ్యాహ్నం ఒక కుర్రాడిని పంపారు. కాసేపట్లో అన్ని కౌంటర్లూ నడిచాయి. హమ్మయ్య అనుకున్నాం. రాత్రి లెక్క చూస్తే 4187 నంబరుతో రెండు బిల్లులు! ఒకటి జీఐ పైపులది, ఇంకొకటి బాల్ వాల్వులది.

మా బావమరిది కొడుకు వచ్చి, సర్వర్‌లో ఏయే పోస్ట్‌గ్రెస్‌లు ఉన్నాయో చూపించే పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ కమాండ్ కొట్టాడు. రెండు వరుసలు వచ్చాయి. 12 పోర్టు 5432లో, 16 పోర్టు 5433లో, రెండూ ఆన్‌లైన్. పోర్టు అంటే కౌంటర్లు డేటాబేస్ తలుపు తట్టే నంబరు.

"సర్వర్‌కి ఏమీ కాలేదు మామయ్యా. రెండు కౌంటర్లు పాతదాంట్లో రాస్తున్నాయి, రెండు కొత్తదాంట్లో" అన్నాడు.

పాతది 5432లో ఉండగానే కొత్తది ఇన్‌స్టాల్ చేస్తే ఉబుంటు దానికి 5433 ఇస్తుందట. వాళ్ళు పాతదాన్ని ఆపేసి, పోర్టు మార్చకుండా వెళ్ళిపోయారు. కుర్రాడు వచ్చి రెండు కౌంటర్లలో పోర్టు మార్చి, మిగతా రెండింటి కోసం పాతదాన్నే మళ్ళీ స్టార్ట్ చేశాడు.

ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవండి. ‘రిఫ్యూజ్డ్’ అంటే చాలావరకు ఆ పోర్టులో ఎవరూ వినడం లేదని. డేటాబేస్ ఆగి ఉండొచ్చు, పోర్టు మారి ఉండొచ్చు, లేదా ఎక్కడి నుంచి వచ్చే కనెక్షన్లు వినాలో చెప్పే లిజన్_అడ్రసెస్ సెట్టింగ్ ఇంకా లోకల్‌హోస్ట్ (ఆ సర్వర్ వరకే) మీదే ఉండొచ్చు. ‘పీజీ_హెచ్‌బీఏ ఎంట్రీ లేదు’ అని వస్తే సర్వర్ పలుకుతోంది, కానీ ఎవరిని రానివ్వాలో రాసి ఉండే ఆ ఫైల్‌లో మీ కౌంటర్ ఐపీకి (నెట్‌వర్క్ అడ్రస్‌కు) అనుమతి లేదు. సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పంటోందా? 14వ వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ దాచే పద్ధతి డిఫాల్ట్‌గా ఎండీ5 అనే పాత పద్ధతి నుంచి స్క్రామ్ అనే కొత్త పద్ధతికి మారింది. పాత యూజర్లకు పాస్‌వర్డ్ మళ్ళీ పెడితే సరిపోవచ్చు. వీటిలో దేనికీ కొత్త సర్వర్ కొనక్కర్లేదు.

డబ్బు చేతిలో పెట్టే ముందు ప్రతి కౌంటర్ నుంచీ ఒక టెస్ట్ బిల్లు కొట్టించండి. అన్నీ 16లోనే కనపడాలి. పాతది ఆగి ఉందని, సర్వర్ రీస్టార్ట్ చేసినా తనంతట తాను లేవదని మీ ఎదుటే చూపించమనండి. బ్యాకప్ కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

మేం ఆ సోమవారం బిల్లులను చేత్తో సరిచూస్తున్నాం. జీఎస్టీ రిటర్న్ వేసేలోపు 63 బిల్లులు తేలాలి.