పంచరు కిట్: డెల్టా రోడ్ల మీద కొన్నేళ్ళు వాడాక

కరోనా తర్వాత గేర్ల సైకిల్ కొన్న దగ్గర్నుంచి పాలకొల్లు నుంచి నలువైపులా తిరుగుతూనే ఉన్నాను. ఒకవైపు అంతర్వేది, ఇంకోవైపు ధవళేశ్వరం, మధ్యలో కోనసీమ, ఓపిక ఉన్న రోజున ద్రాక్షారామం మీదుగా కాకినాడ. టైర్లు 700 బై 32 సైజువి, ట్యూబులు ప్రెస్టా రకం సన్న వాల్వ్‌వి. ఈ రోడ్ల మీద పంచరు పడకుండా ఎవరూ ఎక్కువ కాలం తిరగలేరు. అందుకే సీటు కింద సంచీలో ఏమేం పెట్టుకోవాలో, ఏది నిజంగా ఆదుకుంటుందో వివరంగా రాస్తున్నాను. ముందే తేల్చి చెప్పేస్తాను: డబ్బు పెట్టాల్సింది మంచి పంపు మీద, స్పేర్ ట్యూబు మీద. మిగతావన్నీ వాటి తర్వాతే.

మన దగ్గర టైర్లోకి దిగేవి ప్రాంతాన్ని బట్టి మారతాయి. సముద్రం వైపు ఇసుక నేలల్లో పల్లేరు కాయలు ఉంటాయి. నేలకు అతుక్కుని పాకే మొక్క, చిన్న పసుపు పూలు. ఎండిన కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. రోడ్డు అంచున ఆ పసుపు పూలు కనిపించాయంటే బండి దింపకుండా తారు మీదే ఉండాలి. కాలవ గట్ల మీద, పుంత రోడ్ల మీద తుమ్మ ముళ్ళు. కంచెకి కొట్టిన తుమ్మ కంప రాలితే వారం పది రోజులపాటు ఆ దారంతా ప్రమాదమే. కోతల సీజన్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు. దాని కింద ఏముందో కనపడదు కాబట్టి అక్కడ దిగి నడిపించుకుపోవడం మంచిది. రైతు ధాన్యం మీద నుంచి చక్రాలు పోనివ్వకపోవడం మర్యాద కూడా.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది 216 నంబరు జాతీయ రహదారి మీద దొరికే సన్న తీగలు. పేలిపోయిన లారీ టైర్ల ముక్కలు రోడ్డు పక్కన పడి ఉంటాయి కదా, వాటిలోంచి ఊడి వచ్చిన ఉక్కు తీగలు ఇవి. వెంట్రుకకంటే కాస్త మందం. టైర్లో దిగాక పైనుంచి కనపడవు, వేలితో తడిమినా ఒక్కోసారి తగలవు. ట్యూబు మార్చేసి బయల్దేరితే రెండు కిలోమీటర్లకే మళ్ళీ గాలి దిగిపోతుంది.

దీనికి నేను చేసే పని చెబుతాను. కిట్‌లో చిటికెడు దూది పెట్టుకుంటాను. ట్యూబు తీసేశాక టైరు లోపలి వైపు ఆ దూదితో మెల్లగా చుట్టూ తుడుస్తాను, ముందు ఒక దిశలో, తర్వాత ఎదురు దిశలో. తీగ మొన ఎక్కడ ఉంటే అక్కడ దూది పోగు చిక్కుకుని ఆగిపోతుంది. చేత్తో తడమడం కంటే ఇది నయం, వేలు కోసుకోదు. దొరికిన తీగను గోళ్ళతో లాగడం సాగదు, చిన్న పట్టకారు ఉండాలి. కనుబొమలు తీర్చుకునే రకం పట్టకారైనా చాలు. ఇంకో చిట్కా: టైరు ఎక్కించేటప్పుడు దాని మీదున్న కంపెనీ పేరు వాల్వ్ ఎదురుగా వచ్చేలా పెట్టండి. అప్పుడు ట్యూబులో చిల్లు వాల్వ్‌కు ఎంత దూరంలో ఉందో చూస్తే టైర్లో ముల్లు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది.

ట్యూబు మీద పక్కపక్కనే రెండు చీలికలు, పాము కాటేసినట్టు ఉంటే మాత్రం ముల్లు కోసం వెతకక్కర్లేదు. గుంతలో పడ్డప్పుడు ట్యూబు టైరుకీ రిమ్ముకీ మధ్య నలిగిందని అర్థం. గాలి తక్కువగా ఉండటమే కారణం. వర్షాకాలం తర్వాత లంకల వైపు రోడ్లలో ఇది మామూలే.

ఇక పంపు. మొదట్లో అరచెయ్యంత ఉండే చిన్న చేతిపంపు వాడాను. అది ఏ కంపెనీదో చెప్పను కానీ అలాంటివి చాలా ఉన్నాయి. మూడొందల సార్లు కొట్టినా గాలి ఒత్తిడి నలభై పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గరే నిలబడిపోయేది. ఎండలో ఆ పని చేస్తే చేతులు పీకేస్తాయి. పైగా అది నేరుగా వాల్వ్‌కే తగులుకుంటుంది. కొట్టే ప్రతి దెబ్బకీ వాల్వ్ అటూ ఇటూ ఊగి, దాని మొదట్లో ట్యూబు చిరుగుతుంది. అక్కడ చిరిగితే అతుకు పడదు, ట్యూబు పారేయాల్సిందే.

తర్వాత తీసుకున్నది టోపీక్ వాళ్ళ రోడ్ మార్ఫ్ జీ. చాలా ఏళ్ళుగా ఇదే నాతో ఉంది, మళ్ళీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. దీనికి చిన్న గొట్టం ఉంటుంది, పాదంతో తొక్కిపట్టడానికి మడత కాలు ఉంటుంది, పిడి టీ ఆకారంలోకి తిరుగుతుంది. అంటే నిలబెట్టి, పైనుంచి ఒంటి బరువు వేసి కొట్టొచ్చు. వాల్వ్ మీద ఒత్తిడి పడదు. గొట్టం మధ్యలో చిన్న గేజీ ఉంది. ఒకటి రెండు పీఎస్ఐల తేడా చూసుకునేంత పెద్దది కాదు కానీ అరవై దాటిందా లేదా తెలుసుకోవడానికి సరిపోతుంది. లోపలి రబ్బరు ముక్క తిప్పి పెడితే మోటార్ సైకిల్ తరహా లావు వాల్వ్‌కీ పనికొస్తుంది. ఓసారి రాజోలు దాటాక ఆగిపోయిన స్కూటీకి దీంతోనే గాలి కొట్టాం. సంచీలో పట్టదు, ఫ్రేముకి బిగించుకోవాలి. ఉప్పుగాలిలో తిరిగొచ్చాక పొడిగుడ్డతో తుడిచి, లోపలి కడ్డీకి ఏడాదికోసారి కాస్త గ్రీజు రాస్తాను.

అతుకుల విషయంలో రెండు రకాలూ వాడి చూశాను. స్టిక్కర్‌లా అంటించేవి తేలిక, రెండు నిమిషాల పని. కానీ మే నెల ఎండలో తారు రోడ్డు వేడికి అంచులు లేచిపోయాయి. ఇంటికి చేరడానికి పర్వాలేదు, ట్యూబును అలాగే వదిలేయడానికి మాత్రం కాదు. సొల్యూషన్ రాసి వేసే అతుకు సరిగ్గా వేస్తే ట్యూబు ఉన్నంత కాలం ఉంటుంది. నేను వాడేవి రీమా టిప్ టాప్ వాళ్ళవి, నారింజ అంచు ఉండేవి. అతుకు కంటే కాస్త ఎక్కువ మేర ఉప్పు కాగితంతో రుద్దాలి, సొల్యూషన్ పలచగా రాయాలి, తర్వాత ఆగాలి. అందరూ తొందరపడేది ఇక్కడే. మెరుపు పోయి, వేలికి అంటకుండా ఆరాకే అతుకు పెట్టి గట్టిగా అదమాలి. మామూలు రోజుల్లో ఐదు నిమిషాలు, ముసురు పట్టినప్పుడు ఇంకా ఎక్కువ. మూత ఒకసారి తీసిన సొల్యూషన్ ట్యూబు కొన్ని నెలల్లో లోపలే గడ్డకడుతుంది. అందుకని మూత తియ్యనిది ఒకటి అదనంగా ఉండాలి.

చిల్లు దొరక్కపోతే మనకున్న సౌకర్యం ఇంకెవరికీ లేదు: పక్కనే కాలవ. ట్యూబుకి గాలి కొట్టి ముంచితే బుడగలు చెప్పేస్తాయి. ఎండాకాలం కాలవలు కట్టేశాక మాత్రం చెయ్యి బోరింగో, ఎవరి ఇంటి ముందు బకెట్టో వెతుక్కోవాలి. అడిగితే కాదనేవాళ్ళు లేరు, నీళ్ళతో పాటు కూర్చోమని కుర్చీ కూడా వేస్తారు. రొయ్యల చెరువులో మాత్రం దయచేసి ముంచకండి. బయటి వస్తువుల నుంచి వైట్ స్పాట్ లాంటి వైరస్ వస్తుందని రైతు భయం, అందులో న్యాయం ఉంది. చెరువంతా పోతే ఆ నష్టం లక్షల్లో ఉంటుంది.

"ప్రతి సెంటర్లోనూ పంచరు షాపు ఉంటుంది కదా, ఇవన్నీ మొయ్యడం ఎందుకు?" అని నా స్నేహితులే అడుగుతారు. షాపులున్నాయి, పనితనం కూడా బాగుంటుంది. నేను అతుకు వెయ్యడం నేర్చుకున్నదే మార్టేరులో ఒక పెద్దాయన దగ్గర. చిక్కు వాల్వ్‌తో వస్తుంది. ఆయన మొదటిసారి నా చక్రం చూసి, "ఆయ్, పంచరైతే వేసేస్తానండి, గాలెక్కడ కొట్టమంటారండి? ఈ ముక్కుకి మా పైపు పట్టదండి" అన్నాడు. సన్న వాల్వ్‌కి తొడిగే ఇత్తడి అడాప్టర్ ఉంటే ఆ చిక్కు తీరిపోతుంది. గోలీకాయంత ఉంటుంది, వాల్వ్ మూత స్థానంలోనే బిగించి ఉంచుకోవచ్చు. ఆ సన్న వాల్వ్ ట్యూబులు మాత్రం ఈ షాపుల్లో దొరకవు, ముందే తెప్పించుకోవాలి. ఇక సంక్రాంతి మూడు రోజులూ ఏ షాపూ తెరవరు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి సైకిల్ మీద వెళ్ళాలనుకునేవాళ్ళకి కిట్ తప్పనిసరి.

పంపుకి బదులు టైరు నింపే సీవో2 (కార్బన్ డయాక్సైడ్) గ్యాసు గుళికలు వాడాను, వదిలేశాను. క్షణాల్లో నిండుతుంది, నిజమే. ఆ గ్యాసు రబ్బరులోంచి మామూలు గాలికంటే త్వరగా పోతుంది, మర్నాటికి టైరు మెత్తబడుతుంది. ఒక గుళిక ఒక్కసారికే. రెండో పంచరు పడితే మళ్ళీ పంపే దిక్కు. సైకిల్ పందేలకు వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందేమో, మన తిరుగుళ్ళకి అక్కర్లేదు.

టైరును రిమ్ము నుంచి ఊడదీసే లీవర్లు ప్లాస్టిక్‌వి, మూడు. ఇనప వాటితో రిమ్ము దెబ్బతింటుంది. టైరు గోడ చీలిపోతే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క ఒకటి, అరచేతిలో సగం. గాజుపెంకు కోసిన చీలికలోంచి ట్యూబు బయటికి ఉబ్బకుండా ఆ ముక్క ఆపుతుంది. వెనక చక్రం విప్పేముందు గొలుసును అన్నిటికంటే చిన్న పళ్ళ చక్రం మీదకి మార్చండి, తీయడం పెట్టడం రెండూ సులువు. చేతికి నూనె అంటకుండా ఒక జత పల్చటి గ్లవ్స్.

చివరిగా స్పేర్ ట్యూబు గురించి. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటే రోజున రెండు పెట్టుకుంటాను, మిగతా రోజుల్లో ఒకటి చాలు. రోడ్డు మీద అతుకు వేస్తూ కూర్చోకుండా ట్యూబు మార్చేసి బయల్దేరడం, అతుకు పని ఇంటి దగ్గర నీడలో తీరిగ్గా చూసుకోవడం నా పద్ధతి. కొత్త ట్యూబును అట్టపెట్టెలోంచి తీసి, కాస్త పౌడరు చల్లి, వాల్వ్‌కి మూత ఉంచి, మందపాటి ప్లాస్టిక్ సంచీలో చుట్టి పెట్టాలి. లీవర్లతో కలిపి ఊరికే పడేస్తే నెలల తరబడి అదురుకి రాసుకుని, వాడకుండానే చిల్లు పడుతుంది. ఆర్నెల్లకోసారి బయటికి తీసి, గాలి కొట్టి, ఒక రాత్రి ఉంచి చూస్తే సరిపోతుంది.