వేడి ప్రొపగేటర్ కిట్టు: నెల్లూరు, ఒంగోలు ఎండల్లో దీనితో పని ఎంత?

ఆన్‌లైన్‌లో ఇప్పుడు రకరకాల పేర్లతో అమ్ముతున్న, గింజలను వెచ్చగా ఉంచి మొలిపించే ఈ కిట్లన్నీ దాదాపు ఒకే అచ్చు. అడుగున 25 సెంటీమీటర్ల వెడల్పు, 52 సెంటీమీటర్ల పొడవు ఉండే హీట్ మ్యాట్, దాని మీద గింజలు వేసే గుంటలున్న నల్ల ట్రే (ప్రోట్రే), పైన గాలి కన్నాలున్న పారదర్శక మూత, సెన్సార్ వైరుతో, వేడి చాలగానే మ్యాట్‌ను ఆపే ఒక థర్మోస్టాట్. మ్యాట్ 20 వాట్లకు అటూ ఇటూ ఉంటుంది. రోజంతా ఆగకుండా నడిచినా అర యూనిట్టుకు మించదు కాబట్టి కరెంటు బిల్లుకు భయపడక్కర్లేదు. ధర వారానికోసారి మారుతోంది, అందుకే ఇక్కడ రాయడం లేదు.

ముందు అసలు సంగతి. ఈ సామాను చలిదేశాల కోసం పుట్టింది. మ్యాట్ చేసే పని గది వేడికి ఇంకో 5 నుంచి 10 డిగ్రీలు కలపడం, అంతే. గది 20 ఉంటే గింజ దగ్గర 28 వస్తుంది, మిరపకు అది పండగ. గది 31 ఉంటే 38 దాటుతుంది, గింజ ఉడికిపోతుంది. నెల్లూరులో గది 31 లేని నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. కార్తీకం ముసురు పట్టిన రోజులు, ఆ తర్వాత సంక్రాంతి దాటేదాకా రాత్రులు, తెల్లవారుజాములు. మ్యాట్‌కు మన దగ్గర ఉన్న సీజను ఇదే. సముద్రానికి దూరంగా దర్శి వైపు వెళ్తే చలి కాస్త ఎక్కువ, అక్కడ ఫిబ్రవరి మొదటి వారాల్లోనూ పనికొస్తుంది. కాబట్టి థర్మోస్టాట్ లేకుండా ఉత్త మ్యాట్ అమ్మే కిట్టు ఎంత చవకైనా ముట్టుకోకండి.

థర్మోస్టాట్ ఉన్నా దాని సెన్సార్ ఎక్కడ పెట్టామన్నదే మొత్తం వ్యవహారం. కిట్టుతో వచ్చే కాగితంలో దీని గురించి ఒక్క ముక్క ఉండదు. సెన్సార్‌ను ట్రే బయట వేలాడదీస్తే అది గది గాలిని చూస్తుంది. గది ఎప్పటికీ 28కి రాదు, మ్యాట్ ఎప్పటికీ ఆగదు. మ్యాట్ మీదే ఆనించి పెడితే తిరకాసు రెండోవైపు: మ్యాట్ 28 కాగానే ఆగిపోతుంది, నాలుగు సెంటీమీటర్ల కొబ్బరిపొట్టు దాటి పైనున్న గింజకు 23, 24 దక్కుతుంది. మిరప రెండు వారాలైనా మొలవలేదని విత్తనం కొట్టుమీద పడేవాళ్ళలో చాలామంది ట్రేలో జరిగేది ఇదే. సరైన చోటు ట్రే నడిమి వరసలో ఒక గుంట. అందులో గింజ వేయకుండా, మిగతా గుంటల్లాగే తడిపిన కొబ్బరిపొట్టు నింపి, సెన్సార్ మొనను గింజ ఉండే లోతులో, అంటే పైనుంచి అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు కింద, పడుకోబెట్టినట్టు గుచ్చాలి. వైరును ట్రే అంచుకు టేపు వేసి బిగించాలి, లేకపోతే మూత తీసిన ప్రతిసారీ పైకి లేచి వస్తుంది. ఆ గుంటకు కూడా నీళ్ళు పోయడం మర్చిపోకూడదు. గింజ లేదు కదా అని ఎండబెడితే అది చెప్పే లెక్క మిగతా గుంటల లెక్క కాదు.

కొత్త సెన్సార్‌ను నమ్మే ముందు ఒక పరీక్ష. స్టీలు గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, ఐసు మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి, సెన్సార్ మొన మధ్యలో ఉంచి ఐదు నిమిషాలు కలుపుతూ ఉండాలి. సున్నా చూపించాలి. ఒకటిన్నర చూపిస్తే ఒకటిన్నర తగ్గించి సరిచేయాలి. విడిగా దొరికే ఎస్‌టీసీ-1000 రకం కంట్రోలర్లలో (ఇవీ థర్మోస్టాట్లే) ఈ సవరణ మెనూలోని ఎఫ్4లో, కావలసిన వేడి ఎఫ్1లో, ఎంత తగ్గితే మళ్ళీ వెలగాలన్నది ఎఫ్2లో ఉంటాయి. ఎఫ్2ను 1 డిగ్రీ పెట్టండి. 28కి సెట్ చేస్తే 27కి వెలిగి 28కి ఆరుతుంది. ఇంకా సన్నగా 0.3 పెడితే గింజకు ఒరిగేదేమీ లేదు, మ్యాట్‌ను వెలిగించి ఆర్పే లోపలి స్విచ్చు, అంటే రిలే, టకటకలాడి త్వరగా పోతుంది. సెట్టింగు అయ్యాక గింజ లేకుండా ఒక పగలూ రాత్రీ నడిపి, వంటింటి సూది థర్మామీటరుతో నడిమి గుంటలోనూ మూల గుంటలోనూ చూడాలి. ప్రోట్రే మ్యాట్ కన్నా కాస్త పెద్దది, అందుకే అంచు వరసలు చల్లగా ఉంటాయి. మధ్యలో మిరప, వంగ వేసి అంచుల్లో టమాటా వేస్తే ఆ తేడా కూడా అక్కరకొస్తుంది.

మ్యాట్‌ను నేరుగా గ్రానైట్ బండ మీద పరిస్తే సగం వేడి బండకే పోతుంది. కింద అంగుళం మందం థర్మోకోల్ వేయండి. థర్మోకోల్ వేసి థర్మోస్టాట్ మాత్రం తీసేయడం, మ్యాట్‌ను మడతపెట్టడం, రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేయడం, ఈ మూడూ వద్దు.

ఏ గింజకు ఎంత అంటే, మిరప, వంగ 28. ఆ వేడికి మిరప ఏడు నుంచి పది రోజుల్లో, వంగ దాదాపు అంతే సమయంలో పైకొస్తుంది. టమాటాకు 26 చాలు, ఐదారు రోజుల్లో మెడలు వంచి లేస్తుంది. దోస, బీర, పుచ్చ, కర్బూజ 30 నుంచి 32. పెటూనియా లాంటి సన్న పూలగింజలకు 24, వాటికి వెలుతురు కావాలి కాబట్టి పైన మట్టి కప్పకుండా అద్దినట్టు వేయాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్‌కు మన చలికాలపు గది చాలు. లెట్యూస్‌ను ఈ పెట్టె దగ్గరికే రానీయొద్దు. 27, 28 దాటితే ఆ గింజ చావకుండానే నిద్రలోకి జారుకుంటుంది. కొత్తిమీరకూ వేడి గిట్టదు. ఈ రెండింటికీ కావలసింది చల్లదనం, థర్మోస్టాట్ వేడిని ఆపగలదే గానీ చల్లబరచలేదు.

పగటిపూట ప్రమాదం అక్కడే. స్క్రీన్ మీద 28 సెట్ చేసి ఉంది కదా అని కిట్టును మిద్దె మీద ఎండలో పెట్టి ఆఫీసుకు వెళ్తే, మ్యాట్ బుద్ధిగా ఆరిపోయే ఉంటుంది, మూత కింద మాత్రం పది గంటలకల్లా వంట మొదలవుతుంది. జనవరి ఎండ అయినా సరే. మొలక కనపడేదాకా నీడలోనే, కిటికీ ఎండ కూడా తగలని చోట ఉంచాలి. మొలవడానికి మిరపకు వెలుతురుతో పనే లేదు. ఫ్యాను కింద కూడా పెట్టొద్దు. మూత తీసి ఫ్యాను వేస్తే పైపొర తడి ఆరుతూ గింజను గది కన్నా చల్లబరుస్తుంది. నీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు అనుకుంటారు గానీ, మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం కాలుతుంటాయి, తెల్లవారి జివ్వుమంటాయి. బిందెలో పట్టి గదిలో పెట్టుకున్న నీళ్ళే పిచికారీ చేయాలి.

సగం గుంటల్లో మొలక కనిపించిన రోజే మూత తీసేయాలి, మ్యాట్ ఆపేయాలి. మిగతా సగం కోసం ఇంకో నాలుగు రోజులు ఆగితే, వచ్చినవి వెలుతురు చాలక పీలగా సాగి పడిపోతాయి. మూత కింద ఉక్కకు నారు కుళ్ళు కూడా తగులుతుంది. కాడ నేల దగ్గర నీరుకారి సన్నబడి వాలిపోతే అదే. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపాలి, నీళ్ళు తగ్గించాలి. ఒకసారి వాలిన మొక్క మాత్రం లేవదు.

మొలక శాతం తగ్గితే వెంటనే పెట్టెను తిట్టకండి. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం మిరపకు కనీస మొలక 60 శాతం, టమాటా, వంగకు 70. అంటే 98 గుంటల ట్రేలో 59 మిరప మొలకలొస్తే ఆ గింజ పాసైనట్టే. పాత గింజ అయితే ముందే పది గింజలు తడి గుడ్డలో చుట్టి చూసుకోవడం మేలు.

ఇక కొనాలా అంటే, రైతుకు అక్కర్లేదు. ఖరీఫ్ మిరప నారు పోసే జూలై, ఆగస్టుల్లో మట్టి దానంతట అదే 28 దాటి ఉంటుంది. షేడ్‌నెట్ నర్సరీల వాళ్ళు తడిపిన ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథీన్ కప్పేస్తారు, మొలక తొంగిచూడగానే విడదీస్తారు. ఖర్చు ఒక పట్టా. మిద్దెతోట వాళ్ళలో కూడా ఏడాదికి ఒక ట్రే పోసేవాళ్ళకు దండగే. పైగా గింజ పరీక్షించే ల్యాబుల్లో మిరప, వంగ, టమాటాలకు వాడే పద్ధతుల్లో ఒకటి రోజూ 16 గంటలు 20 డిగ్రీలు, 8 గంటలు 30 డిగ్రీలు మార్చి మార్చి ఇవ్వడం. నెల్లూరు డిసెంబరు రాత్రీ పగలూ దాదాపు అదే కొలత, ఉచితంగా. ఆలస్యంగానైనా మొలుస్తాయి.

డిసెంబరులో క్యాప్సికం, విదేశీ మిరపలు, పెటూనియాలు నాలుగైదు ట్రేలు వరసగా పోసి నారు అమ్ముకునేవాళ్ళకు మాత్రం ఇది పనిముట్టే. వాళ్ళు కూడా కిట్టుగా కాక, మ్యాట్ వేరే, మంచి కంట్రోలర్ వేరే కొనుక్కుంటే నయం. కిట్లలో ముందు పోయేది థర్మోస్టాటే, దాని డబ్బాలోకి నీటి తుంపర పోతుంది. దాన్ని ట్రే కన్నా ఎత్తులో గోడకు తగిలించి, వైరు ప్లగ్గు చేరేముందు కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కేట్టు వదలండి. కారిన నీరు ఆ వంపులోనే రాలిపోతుంది. మ్యాట్ తడిసినా ఫర్వాలేదని అట్టపెట్టె మీద రాసినా, వైరు మ్యాట్‌లో కలిసే అతుకు దగ్గర పగులు ఉందేమో ట్రే మార్చిన ప్రతిసారీ చూడాలి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) ఉన్న లైనులోనే పెట్టాలి. కరెంటు పోతుందన్న బెంగ ఉంటే ఇన్వర్టరుకు కలపండి, 20 వాట్లు దానికి లెక్కలోకి రావు.