ముందు పత్రమా, ముందు నమూనానా?

యూనివర్సిటీకి కొత్త సమాచార వ్యవస్థ కావాలని అనుకున్న మొదటి నెలలోనే రెండు జట్లు తయారవుతాయి. అవసరాలన్నీ కాగితం మీద పెట్టి, అందరి సంతకాలూ అయ్యాకే కోడ్ ముట్టుకోవాలని ఒక జట్టు. నమూనాగా నాలుగు స్క్రీన్లు చకచకా చేసి వాడేవాళ్ల ముందు పెడితే అసలు అవసరాలు వాటంతటవే బయటపడతాయని ఇంకో జట్టు.

పత్రం జట్టు మాటలో పస ఉంది. "విద్యార్థి" అన్న మాటే తీసుకోండి. అడ్మిషన్ల వాళ్లకి సీటు ఇచ్చిన రోజు నుంచీ విద్యార్థి. అకౌంట్స్ వాళ్లకి ఫీజు కట్టాకే. లైబ్రరీకైతే, చదువు మానేసి వెళ్లిపోయినా సరే, పుస్తకం తిరిగిచ్చేదాకా విద్యార్థే. ఇది ఒకచోట రాసి ఒప్పించకపోతే "మొత్తం ఎంతమంది?" అన్న ప్రశ్నకు మూడు వేర్వేరు లెక్కలొస్తాయి. స్క్రీన్లు చూపిస్తే తేలే తగువు కాదిది, అందర్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాల్సిందే. టెండరు పిలవాలన్నా పత్రం తప్పదు.

కానీ పరీక్షల విభాగంలో గుమాస్తాగారిని అడిగి చూడండి. "ఏముందండీ, పాసో ఫెయిలో" అంటారు. పత్రంలో అది ఒక్క వాక్యం. అదే మార్కుల స్క్రీన్ నమూనా చూపించి, మీ దగ్గరున్న చిక్కు కేసు ఒకటి ఎక్కించమనండి. ఓ కుర్రాడు రెండో సెమిస్టర్లో ఒక పేపరు తప్పాడు, ఏడాది ఆగాడు, తిరిగొచ్చేసరికి సిలబస్ మారి ఆ పేపరే లేదు. బదులుగా వేరేది రాయించారు. పాతదానికి 4 క్రెడిట్లు, కొత్తదానికి 3. తగ్గిన ఆ ఒక్క క్రెడిట్ ఎక్కడ చూపాలి? మౌస్ మీద ఆయన చెయ్యి ఆగిపోతుంది. "ఇలాంటివి రిమార్కుల్లో చేత్తో రాసుకుంటామండీ." ఆ రిమార్కుల గడిలో ఎన్ని నిబంధనలు దాక్కున్నాయో ఏ ఇంటర్వ్యూలోనూ బయటికి రాదు.

నమూనాకూ ఒక జబ్బుంది. కాస్త అందంగా కనబడిందా, పైవాళ్లు "అయిపోయిందిగా, వచ్చే నెల నుంచి వాడేద్దాం" అంటారు. వెనకాల డేటాబేస్ ఉండదు, మార్కులు ఎవరు ఎప్పుడు దిద్దారో చెప్పే లాగ్ ఉండదు. అందుకే స్క్రీన్లు పెన్సిల్‌తో గీసినట్టు, కావాలనే మోటుగా ఉంచాలి.

పత్రం జట్టు కోరినట్టు ఒక దశ పూర్తిగా ముగిశాకే తర్వాతి దశకు దిగాలనే వాటర్‌ఫాల్ పద్ధతికి మూలమని అందరూ చూపించే, సాఫ్ట్‌వేర్ నిపుణుడు విన్‌స్టన్ రాయిస్ 1970 వ్యాసంలోనే, మెట్లమెట్లుగా దిగే ఆ బొమ్మను నేరుగా పాటిస్తే ప్రమాదమని ఉంది. 30 నెలల పనైతే 10 నెలలు పైలట్‌కు, అంటే ముందుగా చేసి చూసే నమూనాకు, కేటాయించవచ్చని లెక్క కూడా వేశాడాయన. తమాషా ఏంటంటే, పత్రాలు బాగా ఎక్కువే ఉండాలని గట్టిగా చెప్పిందీ ఆయనే.

నా ఓటు నమూనాకే. అయితే నిర్వచనాలు, ఏ డేటాకి ఎవరు బాధ్యులన్నదీ ముందే రాసుకోవాలి, పది పేజీలు చాలు. ఆ తర్వాత అడ్మిషన్ ఫారంతో మాత్రం మొదలుపెట్టకండి. అది సులువు, అందరికీ నచ్చుతుంది, కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మార్కులతో మొదలుపెట్టండి. పాత రికార్డుల్లోంచి ఇరవై చిక్కు కేసులు ఏరి, పేర్లూ నంబర్లూ తీసేసి, ఒక్కొక్కటే ఎక్కించండి. రెడీమేడ్ ప్యాకేజీ కొనేవాళ్లకూ ఆ ఇరవయ్యే అక్కరకొస్తాయి. డెమోకి అమ్మేవాళ్లు తెచ్చే విద్యార్థి ఎప్పుడూ అన్ని పేపర్లూ మొదటిసారే పాసై ఉంటాడు.