కండరాలు నేర్చుకోవడానికి ఏది మేలు: అట్లాసా, త్రీడీ యాపా, తోటి విద్యార్థి వీపా?

మసాజ్ థెరపీ శిక్షణలో చేరినవాళ్లు మొదటి వారంలోనే అడుగుతారు: "అనాటమీకి ఏ పుస్తకం కొనాలి? యాప్ ఉంటే చాలదా?" మా దగ్గరకు వచ్చే ప్రతి బ్యాచ్‌తోనూ ఇదే చర్చ నడుస్తోంది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను. ఈ ప్రశ్నలో ఎప్పుడూ వినిపించని మూడో దారి ఒకటుంది. నా మొగ్గు దానివైపే, అయినా మిగతా రెండింటినీ తక్కువ చేయలేను.

కండరం ఏ ఎముక దగ్గర మొదలై ఎక్కడ అతుక్కుంటుంది, దాన్ని కదిలించే నాడి ఏది అన్నవి స్థిమితంగా చదువుకోవడానికి అచ్చు అట్లాసే, అంటే శరీర భాగాల బొమ్మల పుస్తకమే నయం. కొనేముందు బొమ్మలకు పేర్లు ఎలా పెట్టారో చూడండి. 1858లో వచ్చిన గ్రే అనాటమీ అనే ప్రసిద్ధ పుస్తకానికి బొమ్మలు గీసిన హెన్రీ వాండైక్ కార్టర్ కండరం పేరును చాలాచోట్ల ఆ కండరం మీదే రాశాడు. గీత లాగి పక్కన రాసిన పేరు కన్నా ఇలా రాసినది తేలిగ్గా గుర్తుంటుంది. వైద్య విద్యార్థులు కొనే ఖరీదైన అట్లాస్ మాత్రం మనకు అక్కర్లేదు. కోఠిలో పాత ఎడిషన్ దొరికితే తీసుకోండి, మెడ నుంచి వీపు పైభాగాన్ని కప్పే ట్రపీజియస్ కండరం ఈ పదేళ్లలో చోటేమీ మారలేదు.

యాప్ బలం పొరలు. వీపు మీద ట్రపీజియస్‌ను తీసేస్తే కింద రాంబాయిడ్లు కనిపిస్తాయి. నడుం దగ్గర వెన్ను పొడవునా ఉండే కండరాలను తొలగిస్తే, 12వ పక్కటెముకకూ కటి ఎముక అంచుకూ మధ్య క్వాడ్రేటస్ లంబోరం అనే కండరం బయటపడుతుంది. అది ఎంత లోతున ఉందో కాగితం మీద ఎన్ని పేజీలు తిప్పినా తెలియదు. అయితే యాప్‌లోని మనిషి కొవ్వు లేనివాడు, రెండు పక్కలా సరిసమానంగా ఉంటాడు, నొక్కితే అబ్బా అనడు. తెర మీద బొమ్మ తిప్పుతున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఫోను పక్కన పెట్టి లెవేటర్ స్కాప్యులే అనే మెడ కండరం ఎక్కడుందో చూపించమంటే చెయ్యి గాలిలో ఆగిపోతుంది.

నేను చూసేది ఇదొక్కటే: మీరు నేర్చుకున్న కండరం, పుస్తకంలోని శరీరాన్ని పోలని ఒక శరీరం మీద, మీ వేళ్లకు దొరుకుతుందా? అందుకే తోటి విద్యార్థి వీపుతో మొదలుపెట్టమంటాను.

ముందు ఎముకలు. నూనె వద్దు, వేలు జారితే అంచు దొరకదు. కాటుక పెన్సిల్‌తో స్కాప్యులా (భుజం వెనక ఉండే రెక్క ఎముక) చుట్టూ గీయండి. చేతులు పక్కకు వదిలి నిలబడితే దాని కింది కొన సుమారుగా ఏడో ఛాతీ వెన్నుపూస ఎత్తున ఉంటుంది. కటి ఎముకల పై అంచులను కలుపుతూ అడ్డగీత గీస్తే నాలుగో నడుం పూస దగ్గరకు వస్తుంది. ఈ గుర్తులు కుదిరాక కండరాల్లోకి వెళ్లండి. మెడలోని పై నాలుగు పూసల నుంచి స్కాప్యులా పై మూలకు దిగేది లెవేటర్ స్కాప్యులే. మెడ పట్టేసిందంటూ వచ్చేవాళ్లు చాలామంది చూపించే చోటు అదే. చెయ్యి వెనక్కి మడిచి నడుం మీద పెట్టి, భుజాన్ని కొద్దిగా పైకి ఎత్తమనండి. ట్రపీజియస్ అంతగా అడ్డురాదు, లెవేటర్ వేలికింద బిగుసుకుంటుంది. పిక్కలో గ్యాస్ట్రాక్నీమియస్‌నూ దాని కింది సోలియస్‌నూ విడదీయాలంటే మోకాలు మడిపించండి. పై కండరం వదులవుతుంది. అప్పుడు పాదాన్ని కిందికి నెట్టమంటే పని చేసేది ప్రధానంగా సోలియస్.

తరగతి మొత్తం మీ మణికట్లు చూసుకోండి. బొటనవేలూ చిటికెనవేలూ కలిపి మణికట్టును లోపలికి కాస్త వంచితే మధ్యలో పైకి లేచేది పామారిస్ లాంగస్ అనే కండరపు టెండన్ (కండరం చివర తాడులా ఉండే భాగం). కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, కొందరికి ఒక చేతికే ఉంటుంది. అట్లాస్ దీన్ని చిన్న అక్షరాల్లో చెప్పి ఊరుకుంటుంది.

ఈ పద్ధతికీ లోటుంది. మన శిక్షణ గదుల్లో ఆడవాళ్లు ఆడవాళ్ల మీద, మగవాళ్లు మగవాళ్ల మీదే సాధన చేస్తారు, పైగా అందరూ ఇరవైల్లోని సన్నని మనుషులు. రేపు బల్ల మీదకు వచ్చేది మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ. ఇంట్లో నాన్ననో పిన్నినో అడిగి, వాళ్లు సరేనంటే, వాళ్ల భుజాల మీదా వెతకండి. దొరికింది సరైనదేనా అని సరిచూసే గురువు కూడా పక్కన ఉండాలి.

శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే ఫిజియాలజీకి వచ్చేసరికి నా తీర్పు తలకిందులవుతుంది. శస్త్రచికిత్సో సుదూర ప్రయాణమో అయ్యాక ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. చేతికి మాత్రం అది బిగుసుకున్న పిక్కే, ఇంకాస్త నొక్కమనే చెబుతుంది. మెడ ముందు పక్క కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట నొక్కితే గుండె వేగం తగ్గి కళ్లు తిరగొచ్చు. అదీ చేతికి తెలియదు. ఇక మసాజ్‌తో లాక్టిక్ ఆమ్లం కరిగి బయటికి పోతుందని కస్టమర్లకు చెప్పేవాళ్లు ఎందరో! వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో శరీరమే దాన్ని వాడేసుకుంటుంది. మర్నాడు పట్టే నొప్పికి కారణం కండర పోగుల్లో జరిగిన సూక్ష్మమైన గాయాలు. ఇలాంటివి చదివే తెలుసుకోవాలి. డబ్బు ఒక్క పుస్తకానికే ఉంటే అట్లాస్ మానేసి, జబ్బుల గురించి కూడా చెప్పే ఫిజియాలజీ పుస్తకం కొనండి.

పంచకర్మ వైపు వెళ్లేవాళ్లు 107 మర్మాలు వస్తే చాలదా అంటారు. సుశ్రుతుడు వాటిని ప్రధానంగా గాయమైతే ప్రమాదకరమైన చోట్లుగా చెప్పాడు. ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుస్తుంది గానీ ఏ కండరం ఎటు లాగుతుందో తెలియదు. ప్లాస్టిక్ అస్థిపంజరం బ్యాచ్ మొత్తానికి ఒకటి చాలు. వీడియోలు బస్సులో చూడటానికి బాగుంటాయి.

పరీక్ష నెలలోపు ఉన్నవాళ్లకు మాత్రం ఈ వరుస తిరగేస్తాను: అట్లాసూ, పేర్లు రాసుకున్న కార్డులూ ముందు, వీపు మీద సాధన పరీక్ష అయిపోయాక.