తలవైపు ఆరంగుళాల ఎత్తు: వాలుదిండు, చెక్క దిమ్మెలతో నాలుగేళ్ల అనుభవం

అర్ధరాత్రి దాటాక గొంతులోకి పుల్లటి నీరు ఎగదన్ని, ఊపిరాడని దగ్గుతో లేచి కూర్చోవడం నాకు ఒకప్పుడు వారంలో నాలుగైదు సార్లు జరిగేది. ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగం ఎర్రగా ఒరిసిపోయి కనిపించింది. డాక్టరు గారు ఆమ్లం ఊరడం తగ్గించే పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాముల మాత్ర రాసిచ్చి, లేచి వస్తుంటే, మంచం తలవైపు కాస్త ఎత్తు చేసుకోమన్నారు. మాత్ర బుద్ధిగా వేసుకున్నాను; ఆ చివరి మాటను మాత్రం ఆరు నెలలు పట్టించుకోలేదు. ఈ సమీక్ష ఆ మాట గురించే.

మొదట నేను చేసింది చాలామంది చేసే పనే: రెండు దిండ్ల మీద మూడోది వేశాను. దానివల్ల తల ఒక్కటే లేస్తుంది, నడుము దగ్గర ఒళ్లు మడతపడి పొట్ట నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడికి ఆమ్లం ఇంకా సులువుగా పైకి వస్తుంది. మెడనొప్పి కొసరు. అన్నవాహికకూ జీర్ణాశయానికీ మధ్యనున్న బిగుతు కండరం పగలు సడలినా, భూమ్యాకర్షణా, లాలాజలమూ, మనం తెలియకుండానే మింగే గుటకలూ కలిసి ఆమ్లాన్ని కిందికి పంపేస్తాయి. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది, గుటకలూ తగ్గుతాయి, వెల్లకిలా పడుకున్నాక భూమ్యాకర్షణ సాయం కూడా ఉండదు, కనుక ఎగదన్నిన ఆమ్లం చాలాసేపు అక్కడే నిలిచి కాలుస్తుంది. అందువల్ల ఎత్తు తల కింద కాక, మొండెం మొత్తం కింద ఉండాలి.

ఈ సంగతి తెలిశాక 1,900 రూపాయలు పెట్టి ఏడంగుళాల ఎత్తున్న ఫోము వాలుదిండు కొన్నాను. మొదటి వారంలోనే రాత్రి దగ్గు సగానికి తగ్గిందని ఒప్పుకోవాలి. కానీ దానితో సుఖపడ్డానని చెప్పలేను. రాత్రి పైన పడుకున్న మనిషిని తెల్లవారేసరికి దిండు అడుగుకు జారి ఉండేవాణ్ణి. నున్నటి సింథటిక్ గలీబు తీసి ముతక నూలు గలీబు కుట్టించాక జారడం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. గుంటూరు ఎండాకాలంలో ఫోము వీపును ఉడికించేది. అన్నిటికీ మించి, పద్నాలుగు నెలలకు స్కేలు పెట్టి చూస్తే ఏడంగుళాలు ఐదుకు దిగింది. మంట మళ్లీ ఎందుకు మొదలైందో అప్పటికి గాని అర్థం కాలేదు.

తర్వాత వీధి చివరి వడ్రంగి చేత తుమ్మ చెక్కతో ఆరంగుళాల దిమ్మెలు రెండు చేయించాను. మంచం కోడు జారిపోకుండా పైన గుంట తొలిపించాను; ఈ గుంట లేకుండా ఇటుకలు పెట్టి ప్రయోగాలు చేయవద్దని నా మనవి. ఖర్చు 600 రూపాయలు. వాలు మంచం పొడవంతా పరుచుకుంటుంది కనుక జారడం దాదాపు లేదు, నడుము మడతపడదు, ఎడమవైపు తిరిగి పడుకోవడానికీ అడ్డు లేదు. ఎడమవైపు పడుకున్నప్పుడు జీర్ణాశయం అన్నవాహిక కంటే దిగువన ఉంటుంది కాబట్టి ఆ భంగిమ కూడా మందు లాంటిదే. వాలుదిండు మీద నా భుజం దానికి ఒప్పుకోలేదు. దిమ్మెల లోపం ఒక్కటే, మంచంలో ఒక్కరు పడుకునే సగమే ఎత్తడం కుదరదు. "కొండ మీద కాపురం పెట్టారు" అని మా ఆవిడ పది రోజులు సణిగింది, ఆ తర్వాత అలవాటు పడింది. సామాన్లు పెట్టుకునే పెట్టె మంచాలకు కోళ్లు ఉండవు కనుక అలాంటి ఇళ్లలో వాలుదిండే గతి. కొంటే గట్టి ఫోముదే కొనాలి.

ఈ ఎత్తు ఒంటరిగా పనిచేయదు. రాత్రి భోజనం ఏడున్నరకు ముగించి పదిన్నరకు పడుకున్న రోజున చేసే మేలు, పెళ్లి విందులో పది గంటలకు గుత్తివంకాయతో కడుపునిండా తిని పదకొండుకు నడుము వాల్చిన రోజున ఏమాత్రం చేయలేదు. ఆవకాయ మానలేదు, మధ్యాహ్నానికి మార్చుకున్నాను. పగటి మంటకు ఈ దిమ్మెలతో ప్రయోజనమేమీ లేదు.

మాత్ర విషయంలో నా పొరపాటు కూడా చెప్పాలి. గ్యాస్ బిళ్ల అనుకుని నెలల తరబడి టిఫిన్ తిన్నాక వేసుకున్నాను. నిజానికి అది ఆహారంతో చురుకయ్యే, జీర్ణాశయ కణాల్లోంచి ఆమ్లాన్ని వదిలే పంపులను అడ్డుకుంటుంది కనుక తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. ఒకసారి సొంత తెలివితో ఉన్నట్టుండి మానేస్తే, రెండు వారాలు మంట మునుపటికంటే ఎక్కువగా వచ్చింది. ఆ తర్వాత డాక్టరు గారి సలహాతోనే 20 మిల్లీగ్రాములకు దించి, ఇప్పుడు అవసరమైన రోజుల్లోనే వాడుతున్నాను. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది కనుక రక్తపరీక్ష కూడా చేయించారు. మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మంటతో పాటు చెమటలు పట్టి నొప్పి చేతికో దవడకో పాకినా, దిండ్ల గురించి ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దిమ్మెలు వేసి రెండున్నరేళ్లు దాటింది. రాత్రి లేచి కూర్చోవడం ఇప్పుడు నెలకు ఒకసారి, అదీ తప్పు నాదైనప్పుడే. పండగ దులుపుళ్లలో మంచం జరిపాక మాత్రం కోళ్లు గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయో లేదో వంగి చూసుకోండి. నేను ఒకసారి చూసుకోలేదు, అర్ధరాత్రి మంచం ఒక మూల దభాలున దిగింది.