గ్యాస్ డ్రైయర్ వేడెక్కడం లేదా? 279834 కాయిల్ కిట్ రివ్యూ

డ్రమ్ము తిరుగుతుంది, గాలి వస్తుంది, గంట గడిచినా బట్టలు మాత్రం తడితడిగానే ఉంటాయి. లేదంటే మొదట కాసేపు వేడిగా నడిచి, ఆ తర్వాత చల్లగాలి కొడుతుంది. అమెరికాలో వర్ల్‌పూల్, మేటాగ్ గ్యాస్ డ్రైయర్లు చాలావాటికీ, మోడల్ నంబరు 110తో మొదలయ్యే కెన్‌మోర్ వాటికీ ఈ రెండో జబ్బుకు సరైన మందు 279834 కాయిల్ కిట్. ఇందులో గ్యాస్ వాల్వులను తెరిచే రెండు కాయిళ్లుంటాయి: ఒకటి మూడు పిన్నులది, ఇంకోటి రెండు పిన్నులది. బాల్కనీలో దండెం కట్టనివ్వని కాలనీల్లో డ్రైయర్ మూలపడితే ఇల్లంతా తడిబట్టలే కాబట్టి, ఇది చిన్న సామానే అయినా విలువ పెద్దది.

అయితే కొనే ముందు మంట సంగతి కళ్లారా చూడాలి. చాలా మోడళ్లలో కింది ప్యానెల్ తీస్తే బర్నర్ గొట్టం కనబడుతుంది. వైర్లకు చెయ్యి తగలకుండా దూరంగా ఉండి, వేడి సైకిల్ పెట్టి, మొదట మంట వచ్చినా చల్లగాలి మొదలయ్యేదాకా చూడండి. గ్యాస్‌ను అంటించే ఇగ్నైటర్ ఎర్రగా వెలిగి, నిమిషం లోపే ఆరి, మంట రాకపోతే కాయిళ్లే పోయాయి. గ్యాస్ కుళాయి తెరిచే ఉందని ముందు చూసుకోండి. ఇగ్నైటర్ ఆరకుండా అలాగే వెలుగుతూ ఉండి మంట రాకపోతే తప్పు ఆ వేడిని పసిగట్టే ఫ్లేమ్ సెన్సర్‌ది. అసలు వెలగనే లేదంటే ఇగ్నైటర్‌నో, వేడి మితిమీరితే కాలిపోయే థర్మల్ ఫ్యూజునో, సెన్సర్‌నో మల్టీమీటరుతో చూడాలి. అప్పుడు ఈ కిట్ కొనడం డబ్బు దండగ. చాలామంది పొరపడేది ఇక్కడే.

కాయిల్ ఎందుకిలా మొరాయిస్తుంది? ఇగ్నైటర్ వెలుగుతున్నంతసేపూ సెన్సర్ మూసుకునే ఉండి, రెండు పిన్నుల కాయిల్‌కు కరెంటు అందనివ్వదు. వేడి తగిలి సెన్సర్ తెరుచుకోగానే ఆ కాయిల్‌కు కరెంటు వెళ్లి, రెండో వాల్వు తెరుచుకుని, గ్యాస్ అంటుకుంటుంది. పాతబడిన కాయిల్లో తీగ వేడెక్కితే తెగినట్టవుతుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే మీటరు అంతా బాగానే ఉందంటుంది. కొలిచేవారికి లెక్కలివి: మూడు పిన్నులదానిలో 1, 2 మధ్య 1365 ఓమ్‌లు, 1, 3 మధ్య 560, రెండూ 25 అటూ ఇటూ. రెండు పిన్నులదానిలో 4, 5 మధ్య 1220, ఇది 50 అటూ ఇటూ. రీడింగ్ సరిగ్గానే ఉన్నా పైన చెప్పిన లక్షణం ఉంటే మీటరును కాదు, మంటను నమ్మండి. ఒక్కదాన్నే మార్చి ఊరుకోవద్దు, రెండూ ఒకే వయసువి.

బిగించడం తేలిక, ఈ కిట్‌లో నచ్చేదీ ఇదే. ప్లగ్గు పీకండి, గ్యాస్ కుళాయి కట్టేయండి. గ్యాస్ గొట్టాన్ని విప్పనక్కర్లేదు. కాయిళ్ల మీది బ్రాకెట్టుకు రెండు స్క్రూలు ఉంటాయి, అవి తీసి, కనెక్టర్లు లాగి, పాతవి పైకెత్తి కొత్తవి పెట్టడమే. కనెక్టరును వైరు పట్టుకుని కాదు, ప్లాస్టిక్కు పట్టుకుని లాగాలి. పక్కనే ఉన్న ఇగ్నైటర్‌కు చెయ్యి తగలనివ్వకండి. అది గాజులా పెళుసు, తగిలితే ఇంకో ఖర్చు.

ఒరిజినల్ కన్నా బాగా తక్కువకు వేరే కంపెనీల కిట్లు దొరుకుతాయి. మళ్లీ మళ్లీ విప్పే పని కాదు కనుక ఒరిజినలే తీసుకోవాలని మా సలహా. మోడల్ నంబరు తలుపు లోపలి అంచున ఉంటుంది, దాన్ని చూసి సరిపోల్చుకోకుండా ఆర్డరు పెట్టొద్దు. అద్దె ఇల్లయితే ముందు ఓనరుకు చెప్పండి.

థర్మల్ ఫ్యూజు పోయినట్టు తేలితే కాయిల్ సంగతి పక్కనపెట్టి, వేడిగాలిని బయటికి పంపే గొట్టం శుభ్రం చెయ్యండి. నూగు పేరుకుని గాలి ఆడకపోవడం వల్లే ఎక్కువసార్లు ఆ ఫ్యూజు కాలుతుంది, కారణం సరిచెయ్యకపోతే కొత్తదీ కాలుతుంది. గొట్టం 4 అంగుళాల గట్టి లోహపుదై ఉండాలి. తెల్ల ప్లాస్టిక్ గొట్టమైతే మార్చెయ్యండి, అది నిప్పు ప్రమాదం.

పని అయ్యాక గ్యాస్ తెరిచి, వాసన వస్తోందేమో చూడండి. వస్తే స్విచ్చులేవీ ముట్టుకోకుండా బయటికెళ్లి గ్యాస్ కంపెనీకి ఫోన్ చెయ్యండి. రాకపోతే ప్యానెల్ వెంటనే మూయకుండా డ్రైయర్ నడపండి. మంట ఆరి మళ్లీ అంటుకోవడం మూడు నాలుగు సార్లు చూశాకే స్క్రూలు బిగించండి, ఎందుకంటే పాత కాయిల్ మోసం చేసింది కూడా మొదటిసారి కాదు, వేడెక్కాకే.